నైలాన్ దారం పరీక్ష

కూతురికి ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు జాగ్రత్తమ్మ మొదట అడిగిన మాట, ఆ భవనానికి మెట్లెన్ని, పట్టుకోవడానికి పక్కన కమ్మీ ఉందా అని. పని ఏమిటన్నది రెండో ప్రశ్న. మెట్ల సంగతి విని కుదుటపడిన మనిషి, పని సంగతి విన్నాక మళ్ళీ లేచి కూర్చుంది. పదహారేళ్ళు చదివి, కళ్ళజోడు తెచ్చుకుని, పిల్ల చివరికి ఎలుకలకు సారా పోసే కొలువులో చేరింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని సామెత. ఈ పిల్ల పట్టిన ఎలుక తాగి కూడా ఉంది.

సారా కాదని, ఆల్కహాల్ అని, పరిశోధన కోసం కొలిచి మేతలో కలుపుతామని కూతురు నచ్చజెప్పింది. కొలిచి పోస్తే మాత్రం మంచినీళ్ళవుతుందా? ఇంట్లో ఉన్న ఒక్క తాగుబోతును మాన్పించలేక తన ప్రాణం తోకకొస్తుంటే, అక్కడెవరో జీతాలిచ్చి మరీ కొత్త తాగుబోతులను తయారు చేయిస్తున్నారు.

ఆ ఒక్క తాగుబోతు గోడకు ఆనుకుని ఇదంతా విన్నాడు. చాలాసేపు ఆలోచించి, "ఎలుకగా పుట్టినా బాగుండేదక్కా," అన్నాడు.

అతను ఆమె తమ్ముడు, సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళీ పెటాకులూ లేక అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. డిపోలో అతన్ని 'గ్లాసు' అనేవారు. స్టీరింగు ముందు నిండు గ్లాసు టీ పెట్టుకుని బ్రేకు వేస్తే చుక్క తొణికేది కాదట. తర్వాత్తర్వాత ఆ పేరుకు జనం వేరే కారణం చెప్పుకోసాగారు. డ్యూటీలో ఒక్కనాడూ తాగలేదు. డ్యూటీ దిగాక ఆ లోటు లేకుండా చూసుకునేవాడు. అలా ఇరవై రెండేళ్ళు.

జాగ్రత్తమ్మ అన్నది వీధి వాళ్ళు పెట్టిన పేరు. ఇంటి ముందు గదిలో ఆమెకు బట్టలు సరిచేసే కొట్టుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళకు కుట్లు విప్పడం, చిక్కినవాళ్ళకు లోపలికి వేయడం ఆమె పని. లావెక్కినవాళ్ళకు గుండెపోటు వస్తుందేమోనని, చిక్కినవాళ్ళకు ఇప్పటికే ఏదో వచ్చి ఉంటుందని, కొలతలు తీస్తూనే దిగులు పడేది. నెత్తిమీద విమానం పోతే దండెం మీది బట్టలు లోపలికి తెచ్చేది. ఎదుటివాడి వేలికి సూది గుచ్చుకోబోతుంటే సుయ్‌మని ఊపిరి లోపలికి లాగేది. గుచ్చుకున్నాక కాదు, గుచ్చుకోకముందే. దెబ్బ ఎవరిదైనా శబ్దం ఈవిడదే. చిన్నప్పుడు కూతురు ఇంజెక్షను సూదికి ఏడ్చేది కాదు గానీ తల్లి నోటి శబ్దానికి ఏడ్చేది.

ఆమె భయపడిన తొంభై తొమ్మిదీ జరగలేదు. జరిగిన ఆ ఒక్కటీ మాత్రం ఆమె భయపడనిది.

ఒకరోజు తమ్ముడు బస్సు తెచ్చి డిపోలో పెట్టి, దిగి, సంతకం చేయడానికి ఆఫీసులోకి నడిచాడు. ఒక కాలికి బూటుంది. రెండో కాలికి మేజోడు మాత్రమే ఉంది. ఆ సంగతి డిపో అంతటికీ తెలిసింది, అతనికి తప్ప. రెండో బూటు బ్రేకు పెడలు కింద ఇరుక్కుని ఉంది. మెకానిక్ దాన్ని లేసు పట్టుకుని చచ్చిన పిల్లిని తెచ్చినట్టు తెచ్చాడు. అందరూ విరగబడి నవ్వారు. డిపో డాక్టరు నవ్వలేదు. పాదాలు నొక్కి, గుచ్చి, తాగుడు నరాలను తినేసిందని చెప్పాడు. పాదాల నరాలు అన్నిటికన్నా పొడుగైనవట, అందుకని చివళ్ళు ముందు చస్తాయట. ఆరు నెలలు బస్సు ఎక్కకూడదు, చుక్క ముట్టకూడదు, విటమిను మాత్రలు మింగాలి. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష. పాదానికి తెలివి వస్తే స్టీరింగు, రాకపోతే ఇక ఆ సీటు మరిచిపోవలసిందే.

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి, తమ్ముడు తాగుడు మానేశాడు. మానక చస్తాడా? రోజూ పొద్దున్నే, పళ్ళు కూడా తోముకోకముందే, అక్క వచ్చి నోరు తెరిపించి వాసన చూసేది. అంత శిక్ష ఏ చట్టంలోనూ లేదు. శిక్ష చూసేవాళ్ళకా, చూపించేవాళ్ళకా అన్నది వేరే సంగతి.

మానేసినా పాదాలు దారికి రాలేదు. దుప్పటి అంచు తగిలితే వేళ్ళు భగ్గుమనేవి. మడమలు మాత్రం దూదిమూటల్లా ఉండేవి. ఒకసారి అతను కొట్లో కూర్చుని పేపరు చదువుతుంటే, ఎర్ర తల ఉన్న గుండుసూది ఒకటి మడమలో సగం దాకా దిగి ఉండడం ఆమె చూసింది. సుయ్‌మంటూ లాగేసింది.

"ఎవరికేం తగిలిందక్కా?" అన్నాడు తమ్ముడు, పేపరు దించకుండా.

అప్పటినుంచి జాగ్రత్తమ్మ కూతురి వెంటపడింది. మీ ఎలుకలకిచ్చే మందేదో రెండు చుక్కలు టిఫిను డబ్బాలో తెచ్చి పెట్టమని. కూతురు తల పట్టుకుంది. మందు లేదు. ఇంకా వెతుకులాటలో ఉంది. నరం లోపల ఒక ప్రోటీన్ ఉంటుంది, మామూలుగా నోరు మూసుకుని పడి ఉంటుంది, తాగుడు వల్ల నరం నీరసపడగానే అది లేచి నరాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేయమని ఆర్డరు వేస్తుందని వాళ్ళ అనుమానం. దాని నోరు నొక్కగలిగితే నరం బతకవచ్చు. అలా గురి పెట్టవలసిన చోటునే టార్గెట్ అంటారు.

జాగ్రత్తమ్మకు ఠక్కున అర్థమైంది. అచ్చం తన పెద్దాడపడుచు. ఇంట్లో అంతా బాగున్నన్నాళ్ళు మూల కూర్చుని వక్కపలుకు నమిలేది. ఇంటాయన మంచాన పడిన వారానికే లేచి వాటాలు పంచండి అంది.

"ఆవిడ నోరు మూయించే మందు కనిపెట్టలేక మీ నాన్నే పోయారు, మీవల్ల అవుతుందా?" అంది.

టార్గెట్ దొరికినంత మాత్రాన మందు దొరికినట్టు కాదని, నోరెక్కడుందో తెలిసింది గానీ మూత ఇంకా తయారు కాలేదని, పదేళ్ళు పట్టవచ్చని, అసలు రాకపోనూ వచ్చని కూతురు చెప్పింది. ఆలూ లేదు చూలూ లేదన్నమాట. మరి ఎలుకకు నయమైందో లేదో ఎలా తెలుస్తుంది, దానికి నోరు లేదు కదా అని తల్లి అడిగింది. జల్లెడలాంటి వైరు నేల మీద ఎలుకను నిలబెట్టి, కింద నుంచి సన్నని నైలాన్ పోగుతో పాదాన్ని తాకుతారు. తెలిస్తే కాలు ఎత్తుతుంది. సన్నపోగుకు ఎత్తుతుందా, లావుపోగుకా అని రాసుకుంటారు. ఏ ఎలుక తాగింది, ఏది తాగలేదు, దేనికి మందిచ్చారు అన్నది తాకేవాళ్ళకు చెప్పరు.

"మనకు తెలిస్తే మన చేతికి తెలుస్తుందమ్మా. చేతికి తెలిస్తే ఎలుకకు తెలిసిపోతుంది," అంది కూతురు.

ఆ మాట అన్నప్పుడు జాగ్రత్తమ్మ నోట్లో నాలుగు గుండుసూదులు, మనసులో ఒక్క మాటే ఉన్నాయి: నైలాన్ పోగు. బట్టల అంచులు కనపడకుండా కుట్టే నైలాన్ దారం ఆమె డ్రాయరులోనే మూడు లావుల్లో ఉంది. చదువుకున్నవాళ్ళకు పదేళ్ళు పడితే పట్టనీ. తన తమ్ముణ్ణి తనే చూసుకుంటుంది.

మర్నాటినుంచి సాయంత్రం కొట్టు కట్టేశాక తమ్ముడు కత్తిరింపు బల్ల మీద వెల్లకిలా పడుకునేవాడు, పాదాలు బల్ల అంచు దాటేట్టు. కళ్ళ మీద ఎవరిదో చొక్కా చెయ్యి కప్పేది. ఒక్కో పాదం మీద సుద్దముక్కతో పది గుర్తులు పెట్టేది. దారం ముక్కను అగ్గిపుల్లకు కట్టి ఒక్కో గుర్తు మీదా తాకించేది. తెలిస్తే అతను "తగిలింది" అనాలి. కొలతల పుస్తకం చివరి పేజీల్లో, ఎవరిదో నడుము ముప్పై ఎనిమిది పక్కన, తమ్ముడి పాదాలు ఎక్కసాగాయి. మొదటి వారం పదికి మూడు. రెండో వారం నాలుగు. నెల తిరిగేసరికి ఆరు. మూడో నెలకు ఎనిమిది.

పుట్టి బుద్ధెరిగాక చెడు తప్ప మరోటి ఊహించని మనిషి మొదటిసారి మంచిని నమ్మింది. నమ్మకం ఆమెకు అలవాటు లేని పని కాబట్టి కాస్త ఎక్కువగానే చేసింది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ పుస్తకం తెరిచి చూపించింది. కూతురు ఫోను చేయడం అరగంట ఆలస్యమైనా ఆసుపత్రులకు ఫోను చేయలేదు. ఒకరోజు విమానం పోతే దండెం మీది బట్టలు అలాగే వదిలేసింది. తమ్ముడి డ్రైవరు యూనిఫాం బయటికి తీసి నడుము రెండంగుళాలు లోపలికి కుట్టింది. తాగుడు మానాక పొట్ట తగ్గింది మరి. అతనేమో కుట్టుమిషను పెడలు మీద కాలు పెట్టి, ఎదురుగా గ్లాసు పెట్టుకుని, లేని బస్సుకు బ్రేకులు వేసేవాడు. గ్లాసు తొణికేది కాదు. బల్ల కదలందే గ్లాసెందుకు తొణుకుతుందని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

అడిగే మనిషి శనివారం సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చింది. డిపో పరీక్ష సోమవారం. పుస్తకంలో పదికి తొమ్మిదని చూసి కూతురు ముఖం చిట్లించింది. ఆరు నెలల్లో ఇంతలా తిరిగి రావడం తను ఎలుకల్లో కూడా చూడలేదంది. మీ మామయ్య ఎలుక కంటే గట్టివాడని తల్లి గర్వంగా చెప్పింది. ఏదీ ఒకసారి చూపించమంది కూతురు.

తమ్ముడు పడుకున్నాడు. కళ్ళ మీద చొక్కా చెయ్యి. జాగ్రత్తమ్మ అగ్గిపుల్ల అందుకుంది. సుయ్. తగిలింది. సుయ్. తగిలింది. కూతురు గోడకు ఆనుకుని నాలుగు గుర్తులదాకా చూసింది. అయిదోదానికి వచ్చి, తల్లి వెనక నిలబడి, దారం పాదాన్ని ముట్టబోయే క్షణంలో ఆమె మణికట్టు పట్టుకుంది. అప్పటికే తల్లి ఊపిరి లోపలికి పోయింది.

"తగిలింది," అన్నాడు తమ్ముడు.

దారం గాలిలో ఉంది. జాగ్రత్తమ్మ కూతురి ముఖంలోకి చూసింది. కూతురు ఇంకో గుర్తు చూపించి మళ్ళీ అలాగే ఆపింది. సుయ్. తగిలింది. ఈసారి కూతురు తల్లి నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, అగ్గిపుల్ల తను తీసుకుని, అదే గుర్తు మీద తాకించింది. దారం వంగింది. ఇంకో గుర్తు, ఇంకోటి. లావు దారం తీసుకుని మడమంతా తిప్పింది. బల్ల మీద మనిషి హాయిగా ఎదురు చూస్తూ పడుకుని ఉన్నాడు.

"ఆపేశారేం?" అన్నాడు కాసేపటికి.

కూతురు చొక్కా చెయ్యి తీసేసి, దారం పాదం మీదే ఉంచి చూపించింది. తమ్ముడు మోచేతుల మీద లేచి తన పాదాన్ని పక్కింటివాళ్ళ పాదాన్ని చూసినట్టు చూశాడు. నేనేం అబద్ధమాడలేదే, నిజంగానే తగిలినట్టుంటుంది అన్నాడు. ఆడలేదు మామయ్యా అంది కూతురు, అమ్మ శబ్దం చేస్తే నీకు కాలు తెలుస్తోంది, అంతే. అందరూ నవ్వవలసిన మాటే. ఎవరూ నవ్వలేదు. మూడు నెలలుగా బాగుపడింది పాదం కాదు, చెవి.

ఆ రాత్రికల్లా జాగ్రత్తమ్మ భయాలన్నీ చుట్టాలతో సహా తిరిగొచ్చాయి. నిండిన బస్సు, స్టాపులో దిగబోతున్న ముసలాయన, పెడలు కింద బూటు. తనే కదా మూడు నెలలు వాడికి తప్పుడు పాఠం చెప్పింది.  ఆదివారం సాయంత్రం తమ్ముడు, బ్రేకు వేసేది పాదం చర్మం కాదక్కా, ఇరవై రెండేళ్ళ ఎముక అన్నాడు. కాసేపాగి, ఆ డాక్టరు మాత్రం నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చుంటాడా, ఏదో ఒక చప్పుడు చేయకపోడు అన్నాడు. ఇంకాసేపాగి, రేపు నువ్వు రావద్దన్నాడు.

ఆమె వెళ్ళింది. ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్ళే సంచీతో సహా వెళ్ళింది. అందులో దూది, గాజుగుడ్డ, కత్తెర, టార్చిలైటు, ఒక జత పాత చెప్పులు, గ్లూకోజు పొట్లం, ఇంటి అడ్రసు రాసిన కాగితాలు మూడు ఉంటాయి. తను ఎక్కడైనా పడిపోతే మూడుచోట్ల దొరకాలని.

డిపో డాక్టరు గదిలో ఒక బరువు మిషను, గోడకు కంటి పరీక్ష అక్షరాలు, డాక్టరు కూర్చునే పాత కుర్చీ ఒకటి ఉన్నాయి. తమ్ముడు బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు నైలాన్ పోగు కట్టిన పుల్ల తీసి, కుర్చీలో ముందుకు వంగాడు. కుర్చీ కీచుమంది.

"తగిలింది."

డాక్టరు రాసుకున్నాడు. మళ్ళీ వంగాడు. కీచు. తగిలింది. మూడోసారీ అంతే. డాక్టరు ముఖంలో మెచ్చుకోలు కనిపించింది. మూల స్టూలు మీద కూర్చున్న జాగ్రత్తమ్మకు తమ్ముడి చెవి కనిపించింది. దారం కోసం కాదు, కుర్చీ కోసం రిక్కించిన చెవి. శనివారం దాకా వాడికి తెలియదు. ఇవాళ తెలుసు.

ఆమె తొందరపడి లేవలేదు. ఇదీ ఉన్నదున్నట్టే చెప్పుకోవాలి. ఇంకో పదిహేడు కీచులైతే వాడు మనిషవుతాడు. యూనిఫాం వేసుకుంటాడు, నడుము సరిగ్గా కూర్చుంటుంది, డిపోలో తలెత్తుకుంటాడు. ఆపితే ఏమవుతాడు? మళ్ళీ ఆ పాడు సీసా పట్టుకుంటాడేమో. ఇంట్లోంచి పోతాడేమో. ఈ రెంటికీ మధ్య ఆ ముసలాయన స్టాపులో దిగుతూనే ఉన్నాడు. ఎవరి తండ్రో. చేతిలో సంచీ కూడా ఉంది.

డాక్టరు నాలుగోసారి వంగబోతుండగా ఆమె లేచింది.

"ఒక్క నిమిషం డాక్టరుగారూ," అని సంచీలోంచి దూది తీసి, రెండు ఉండలు చేసి, తమ్ముడి చెవుల్లో కుక్కింది.

అతని చెయ్యి లేచి ఆమె మణికట్టును పట్టుకుంది. ఎముక నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. కళ్ళు తెరిచి అక్కను చూశాడు. చిన్నప్పుడు గాలిపటం తీసేసుకుంటే చూసిన చూపే. డాక్టరు ఇదేమిటమ్మా అన్నాడు. చలిగాలి పడదండీ వీడికి అంది, కిటికీ మూసి ఉన్న గదిలో. తమ్ముడు చెయ్యి వదిలేశాడు. కళ్ళు మూసుకున్నాడు. దూది తీసి పారేయడానికి రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. తీయలేదు.

డాక్టరు మొదటినుంచి మొదలుపెట్టాడు. కుర్చీ కీచుమంది. జాగ్రత్తమ్మ తన నోటిని తనే రెండు చేతులతో మూసుకుంది. కుడి పాదంలో పది చోట్లకు రెండు 'తగిలింది'లు వచ్చాయి. అందులో ఒకటి డాక్టరు ముక్కు గోక్కుంటున్నప్పుడు వచ్చింది. ఎడమ పాదంలో ఒకటే.

డాక్టరు చాలాసేపు కాగితాన్ని, తన కుర్చీని, ఆమె సంచీని మార్చి మార్చి చూశాడు. స్టీరింగు ఇవ్వడం కుదరదన్నాడు. కొత్త డ్రైవర్లకు పక్కన కూర్చుని నేర్పే సీటొకటుంది, దానికి పెడళ్ళుండవు, బ్రేకు తెలిసినవాడు కావాలని డిపో మేనేజరు అడుగుతున్నాడు, కావాలంటే రాస్తానన్నాడు. తమ్ముడికి వినపడలేదు. అక్క ఒక చెవిలో దూది తీసి మళ్ళీ చెప్పించింది.

"గ్లాసు నాది, కాలు వాళ్ళది అన్నమాట," అన్నాడు తమ్ముడు. ఒప్పుకున్నట్టో తిట్టినట్టో ఆమెకు తెలియలేదు.

 డిపో గేటు దగ్గర అతని ఎడమకాలి చెప్పు జారిపోయింది. ఆమె చూసింది. అలవాటుగా ఊపిరి లాగబోయి పంటి కింద ఆపుకుంది. అతను ఒట్టికాలితో నాలుగడుగులు వేశాడు. ఆగాడు. తల వంచి పాదాలు చూసుకుని, వెనక్కి వచ్చి చెప్పు తొడుక్కున్నాడు.

"తెలిసిందా?" అంది ఆశ చావక.

"లేదు. చూసుకున్నా."

ఇంటికొచ్చాక కూతురు ఇంకో సంగతి చెప్పింది. తాగుడు మానేసినవాళ్ళ కాలి చర్మం చిన్న ముక్క తీసి, ఎలుకల్లో దొరికిన ఆ ప్రోటీను మనుషుల నరాల చివళ్ళలోనూ ఉందా అని చూడబోతున్నారు. మామయ్యకు ఇష్టమైతే ఇవ్వచ్చు. అతని పాదం దానివల్ల బాగుపడదు, ముందే చెబుతున్నానంది. ఆ కాగితానికి సంతకం పెట్టాక కాలు మొత్తం కోసేస్తే ఎలాగని జాగ్రత్తమ్మ వెంటనే మొదలుపెట్టింది. తమ్ముడు చెయ్యెత్తి ఆపాడు.

"ఎలుకలకేమో పోస్తారు, నన్నేమో కోస్తారు. నా రాతలో ఏముందో అదే. వస్తానని చెప్పవే పిల్లా."

కొలతల పుస్తకాన్ని కూతురు అడిగి తీసుకెళ్ళింది. కొత్తగా పనిలో చేరేవాళ్ళకు చూపించడానికట. ఏం చూపిస్తారో తల్లి అడగలేదు.

జాగ్రత్తమ్మ తమ్ముడి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లల చెప్పులకు ఉన్నట్టు మడమ వెనక ఎలాస్టిక్ కుట్టడానికి కూర్చుంది. డిపోలో నా పరువేం కావాలని అతను లోపలి గదిలోంచి గొణుగుతున్నాడు. తోలు మందంగా ఉంది. గట్టిగా నెట్టేసరికి సూది జారి ఆమె బొటనవేలి వైపు వచ్చింది.

సుయ్.

"తగిలింది," అన్నాడు తమ్ముడు లోపలినుంచి.